రాతిగోడ పక్కన పదకొండు గుడ్లు

కెనడాలో ఈవేళ అడవి టర్కీ కోళ్ళు బతికి బట్టకట్టి తిరుగుతున్నాయంటే అందుకు కారణం ఒకే ఒక్క మనిషి. పేరు ఆంజనేయప్రసాద్. వయసు డెబ్బై రెండు. పుట్టింది రేపల్లెలో. ఆయన మా తాతయ్య. ఈ సంగతి ప్రభుత్వం వాళ్ళు ఎక్కడా రాసుకోలేదు. టర్కీలను అడుగుదామంటే తాతయ్య కనబడగానే అవి పారిపోతాయి. అంతమాత్రాన నిజం అబద్ధమైపోదు.

చూడ్డానికి మనిషి అంత ఘనకార్యం చేసినవాడిలా ఉండడు. ఐదడుగుల నాలుగంగుళాలు. చలికాలంలో ఉన్ని బనియను, దానిమీద ఫ్లానెల్ చొక్కా, దానిమీద స్వెట్టరు, దానిమీద నారింజరంగు జాకెట్టు వేసుకునేసరికి నిలువూ అడ్డమూ ఒక్కలాగే ఉంటాయి. చెవులు కప్పే టోపీ తాళ్ళు గడ్డం కింద ముడేసుకుంటాడు. ఆ ముడి మా అమ్మమ్మ సుధామయి తప్ప ఎవరూ విప్పలేరు. ఆయన కూడా.

మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు పక్కన ఒక కార్గో షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. విమానంలో వచ్చిన సరుకు దించుకోవడం, చీటీతో సరిచూసుకోవడం, లారీకి ఎక్కించడం. అక్కడ అందరూ ఆండీ అనేవాళ్ళు. ఆంజనేయప్రసాద్ అని పూర్తిగా పిలిచేలోపు ఒక లారీ వెళ్ళిపోతుంది కాబట్టి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన చేతిమీదుగా ఒక్క పెట్టె కూడా పోలేదట. ఒక్కసారి ఒక కుక్క పోయింది. అది ప్రాణమున్న సరుకు, తనంతట తాను దిగి వెళ్ళింది, కాబట్టి లెక్కలోకి రాదంటాడు.

రిటైరయ్యాక తోటివాళ్ళందరూ అపార్టుమెంటు బిల్డింగుల్లో కాండోలు కొనుక్కున్నారు. తాతయ్య అక్కడికి గంటన్నర దూరంలో, ఉత్తరాన, నలభై ఎకరాలూ అందులో ఒక పాత ఇటుకల ఇల్లూ కొన్నాడు. నలభైలో పదెకరాలు బురద. పదిహేను అడవి. మిగిలినదాంట్లో రాళ్ళు పండుతాయి. ఆ రాళ్ళను ఎప్పుడో ఎవరో రైతు ఏరి ఏరి నడుమెత్తు గోడలా పేర్చి, విసుగొచ్చి పొలం అమ్మేసి పోయాడు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా కనిపించేది ఆ గోడే.

మొదటి వసంతంలో ఆ గోడ పక్కన, ఎండుగడ్డిలో, ఒక టర్కీ పెట్ట గుడ్లు పెట్టింది. తాతయ్య బైనాక్యులర్స్ కొన్నాడు. రోజూ పొద్దున కాఫీ, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం మళ్ళీ కాఫీ ఆ కిటికీ దగ్గరే. పెట్ట కదిలేది కాదు, ఆయనా కదిలేవాడు కాదు. ఆ ఇద్దరిలో ఎవరు పొదుగుతున్నారో చెప్పడం కష్టంగా ఉండేదని అమ్మమ్మ అంటుంది. పంతొమ్మిదో రోజు పొద్దున పెట్ట లేదు. వెళ్ళి చూస్తే పెంకులు. ఏదో వచ్చి గుడ్లన్నీ పగలగొట్టి, శుభ్రంగా నాకి, పెంకులు అక్కడే వదిలేసి పోయింది.

తాతయ్య దాన్ని ప్రకృతి అనుకోలేదు. తన షెడ్డులో సరుకు పోవడం అనుకున్నాడు.

రెండో ఏడు మళ్ళీ అంతే. మూడో ఏడు రెండు గూళ్ళు, రెండూ పోయాయి. మూడో ఏటి పెంకులు ఆయన ఒక చెప్పుల డబ్బాలో పెట్టి ఇంట్లోకి తెచ్చిన రోజున అమ్మమ్మ పొయ్యి కట్టేసి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ మందుల కంపెనీ ల్యాబులో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషి. మాట కూడా తూచే ఇస్తుంది.

"ఏమండీ, నాకు మోకాళ్ళు. మీకు నడుము. కరివేపాకు కావాలంటే గంటన్నర, గుడికి వెళ్ళాలంటే గంటన్నర. వాసవి వాళ్ళ బిల్డింగులో రెండు బెడ్రూముల కాండో అమ్మకానికి ఉందట."

వాసవి అంటే వాళ్ళమ్మాయి, మా అమ్మ.

"టర్కీ పిల్లలు..." అన్నాడు తాతయ్య.

"ఏవీ? ఎక్కడున్నాయి? మూడేళ్ళ నుంచీ పెంకులే కదా తెస్తున్నారు. పిల్లని చూపించండి, ఉంటాను. వచ్చే జూన్ ఆఖరు లోపల ఆ గోడ దగ్గర ఒక్క పిల్ల నడిచినా సరే, మళ్ళీ కాండో మాట ఎత్తను. నడవకపోతే గేటు దగ్గర అమ్మకం బోర్డు పెట్టేద్దాం."

"ఒక్క పిల్లా?"

"ఒక్కటి చాలు. నేనేం రాక్షసిని కాదు."

తాతయ్య ఒప్పుకున్నాడు. చెప్పుల డబ్బా మాత్రం పారెయ్యలేదు.

పక్క పొలం గ్లెన్‌ది. వాళ్ళ తాతల కాలం నుంచీ అక్కడే ఉన్నారు. చలికాలంలో బోనులు పెట్టి జంతువులు పట్టి తోళ్ళు అమ్ముతాడు. పెంకులు చూపిస్తే, డబ్బాలోకి తల పెట్టి రెండు క్షణాలు చూసి, "రకూన్," అన్నాడు. పిల్లికన్నా కాస్త పెద్దది, కళ్ళకి నల్లటి గంతలు కట్టుకున్నట్టుండే ముఖం, ముందుకాళ్ళు చూస్తే చిన్నపిల్లల చేతులే. తలుపు గడియలు తీస్తుంది. మూతలు విప్పుతుంది. నలుపూ తెలుపూ చారల స్కంక్ కూడా గుడ్లు తింటుంది, ఎలుకమూతి పోసమ్ కూడా తింటుంది, కానీ ఈ పనితనం రకూన్‌దేనని గ్లెన్ చెప్పాడు. "చలికాలం సీజన్లో వీటిని కొన్ని తగ్గిస్తే వసంతంలో పెట్టకి కాస్త ఊపిరాడుతుంది. పూర్తిగా పోతాయనుకోకు. ఇక్కడ ఖాళీ అయితే నా పొలంలోవి నీ పొలంలోకి వస్తాయి. కానీ పెట్ట పొదిగే ఆ నాలుగు వారాలు దొరికితే చాలు కదా నీకు."

"చాలు," అన్నాడు తాతయ్య.

బోను పెట్టాలంటే లైసెన్సు, లైసెన్సుకి క్లాసు, క్లాసుకి పరీక్ష. తాతయ్య వెళ్ళాడు. క్లాసులో సగంమంది ఆయన మనవల ఈడువాళ్ళు. టై కట్టుకొచ్చింది ఆయనొక్కడే. ముందు బెంచీలో కూర్చుని, చెప్పిందల్లా రాసుకుని, పరీక్షలో ఒక్క ప్రశ్న తప్పించి అన్నీ ఒప్పు రాశాడు. ఆ ఒక్కటీ ప్రశ్నే తప్పని ఇప్పటికీ అంటాడు. మా ఇంట్లో ఈమధ్య ఎవరికీ అన్ని మార్కులు రాలేదు. ఈ తరం సంగతి అసలు ఎత్తకపోవడం మంచిది.

క్లాసులో ఇచ్చిన కాగితాల్లో ఒకటి ఆయన ఫ్రిజ్జుకి అతికించాడు. ఇంటి చుట్టూ అడవి జంతువులకు తిండి దొరక్కుండా చూసుకోవాలని అందులో ఉంది. పక్షులకు గింజలు వేసే డబ్బా ఉందా? తీసేశాడు. చెత్తడబ్బా మూతకి కట్టు ఉందా? రెండు రబ్బరు తాళ్ళు కట్టాడు. అప్పటినుంచి చెత్త వెయ్యాలంటే మనుషులకే కష్టమైంది. అమ్మమ్మ పుచ్చకాయ తొక్కలు పెరట్లో ఎరువు గుంటలో వేస్తే అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. "ఈ ఇంటి బయట ఒక్క మెతుకు కనపడకూడదు, సుధా," అన్నాడు.

అని, కంచం తీసుకుని వాళ్ళమ్మకి అన్నం పెట్టడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ఆ సంగతి కూడా చెప్పాలి. తాతయ్య వాళ్ళమ్మ నరసమ్మగారు మిస్సిసాగాలో పద్నాలుగేళ్ళు వీళ్ళ దగ్గరే ఉంది. తొమ్మిదో అంతస్తు. రోజూ తను తినేముందు ఉసిరికాయంత ముద్ద బాల్కనీ గోడమీద పెట్టేది, కాకికి. పోయిన పెద్దవాళ్ళు కాకి రూపంలో వస్తారు కదా, వాళ్ళకి పెట్టందే ఆవిడకి ముద్ద దిగేది కాదు. తొమ్మిదో అంతస్తుకి కాకులు రాలేదు. సీగల్స్ వచ్చాయి. తెల్లగా, బాతంత ఉంటాయి. కూత వింటే పోట్లాటకి వచ్చినట్టుంటుంది. ఆవిడ రెండు రోజులు ఆలోచించి, "ఈ దేశం కాకులివేలే, సున్నం వేయించుకున్నాయి," అని ఒప్పేసుకుంది. తర్వాత బిల్డింగు ఆఫీసు నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది, పక్షులకు తిండి పెట్టకూడదని. మొత్తం ఆరు ఉత్తరాలు. మన పేరుమీద వచ్చిన ఉత్తరం పారెయ్యకూడదని ఆవిడ ఆరూ పాస్‌పోర్టుతోపాటు దాచుకుంది. "సొంత నేల ఉంటే ఎవడూ ఉత్తరం రాయడు కదరా," అనేది కొడుకుతో.

కొడుకు నేల కొనేసరికి ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇల్లు మారిన మొదటి రోజే తాతయ్య పెరట్లో కొట్టేసిన మేపుల్ చెట్టు మొద్దు మీద స్టీలు కంచంలో ముద్ద పెట్టాడు. నిజమైన నల్ల కాకులు వచ్చాయి. ఆయన చాలా సంతోషించాడు. అప్పటినుంచి ఒక్క రోజు మానలేదు. ఉసిరికాయంత ముద్ద నిమ్మకాయంత అయింది, నిమ్మకాయ బత్తాయి అయింది, ఆపైన గిన్నెడు. ఆవిడ అంత దూరం నుంచి వస్తుంటే పిసరంత పెడితే ఏం బాగుంటుంది? ముద్దపప్పు, నెయ్యి. పండగలకి బూరెలు. ఇది ఆయన లెక్కలో అడవి జంతువులకు తిండి పెట్టడం కిందికి రాదు. వాళ్ళమ్మ అడవి జంతువు కాదు.

అక్టోబరులో సీజను మొదలైంది. గోడ పొడుగునా ఎనిమిది బోనులు పెట్టాడు. ఇనపతీగల పెట్టె, లోపల రేకు తొక్కితే వెనకాల తలుపు పడిపోతుంది. ఎరగా తెల్లటి మార్ష్‌మాలో మిఠాయి. పిల్లులు తీపి ముట్టవు కాబట్టి ఊళ్ళో వాళ్ళ పిల్లులు పడవని గ్లెన్ చెప్పాడు. రోజూ పొద్దున ఏడింటికి తాతయ్య షెడ్డు కాలంనాటి అట్టకి కాగితం తగిలించుకుని బయల్దేరేవాడు. బోను నంబరు, వచ్చింది ఏమిటి, వెళ్ళింది ఎప్పుడు. కింద సంతకం. సంతకం ఎవరికోసమని అడిగితే, "సంతకం లేకపోతే అది కాగితమే కాదు," అన్నాడు.

పడ్డదాన్ని ఇంకోచోట వదిలితే రోగాలు మోసుకుపోతుందని అక్కడ ఒప్పుకోరు. కాబట్టి మిగతా పని గ్లెన్‌ది. గ్లెన్ తుపాకీ బయటికి తియ్యగానే తాతయ్య వెనక్కి తిరిగి ఉత్తరం దిక్కు చూస్తూ నిలబడేవాడు. పెదవులు కదిలేవి. ఏమనుకుంటున్నారంటే, "వాతావరణం," అనేవాడు. మేకమాంసం తింటాడు గానీ మేకతో పరిచయం ఉండకూడదు, ఆయన పద్ధతి అది.

ఒకరోజు స్కంక్ పడింది. దానికి కోపమొస్తే తోక ఎత్తి కొట్టే కంపు వారం రోజులు పోదు. బోను మీద గుడ్డ కప్పుతూ మెల్లగా దగ్గరికి వెళ్ళాలని క్లాసులో చెప్పారు. తాతయ్య అమ్మమ్మ పాత వెంకటగిరి చీర పట్టుకెళ్ళాడు. చీర అంచు జరీ ఎండకి తళుక్కుమంది. స్కంక్ ఇంతకుముందు జరీ చూసి ఉండదు. ఆ రాత్రీ మర్నాడూ తాతయ్య భోజనం గరాజులోనే. అమ్మమ్మ శనగపిండీ కుంకుడుకాయ రసమూ బకెట్లో కలిపి గుమ్మం దగ్గర పెట్టి తలుపేసుకుంది. చీర సంగతి ఆవిడ ఇంకా ఎత్తుతూనే ఉంటుంది. ఆ బోనుకి వాన పడితే ఇప్పటికీ వాసనొస్తుంది.

నవంబరు ఆఖరుకి లెక్క: రకూన్లు నాలుగు, స్కంక్ ఒకటి, పోసమ్ ఒకటి. డిసెంబరు అంతా సున్నా. మంచులో బోనుల పక్కనుంచి కొత్త జాడలు కనిపించేవి గానీ లోపల మార్ష్‌మాలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. బ్రాండు మార్చి చూశాడు. వేరుశనగ వెన్న రాశాడు. లాభం లేదు.

"వీటికి ఆకలి లేదు ఆండీ," అన్నాడు గ్లెన్ ఒకరోజు. "నువ్వు పట్టిన నాలుగూ ఈ చుట్టుపక్కల ఎక్కడా లేనంత బలిసి ఉన్నాయి. ఒకటైతే బోనులో అడ్డంగా ఇరుక్కుంది. ఏం తింటున్నాయంటావు?"

"మా నేల సారం అలాంటిది," అన్నాడు తాతయ్య, కొంచెం గర్వంగానే.

జనవరి మొదటి వారంలో చలి కాస్త తగ్గి మంచు మెత్తబడింది. సీజను అయిపోవడానికి ఇంకా పది రోజులు. ఆ పొద్దున గ్లెన్ మూడో నంబరు బోను దగ్గర వంగి చూసి, బోనుని వదిలేసి జాడల వెంట నడవడం మొదలెట్టాడు. వెనకాల తాతయ్య. జాడలు గోడ దాటాయి. ఆపిల్ చెట్ల కిందినుంచి వచ్చాయి. అడవి వైపు నుంచి ఇంకో వరస వచ్చి కలిసింది, బురద వైపు నుంచి మరోటి. అన్నీ కలిసి మంచులో నున్నటి బాటయ్యాయి.

"ఇది దారి కాదు, హైవే," అన్నాడు గ్లెన్.

హైవే పెరట్లోకొచ్చి మేపుల్ మొద్దు దగ్గర ఆగింది. మొద్దు మీద స్టీలు కంచం. కంచంలో మెతుకు లేదు, తోమినట్టు మెరుస్తోంది. చుట్టూ చిన్నపిల్లల అరచేతుల్లాంటి అచ్చులు, ఒకదానిమీద ఒకటి, చోటు లేకుండా.

"ఇదేంటి?" అన్నాడు గ్లెన్.

ఈ ప్రశ్న పరీక్షలో రాలేదు.

"మా అమ్మ," అన్నాడు తాతయ్య.

గ్లెన్ టోపీ తీశాడు. మొద్దుని మర్యాదగా చూశాడు. "ఇక్కడే పాతిపెట్టారా?"

"అబ్బే, లేదు. ఆవిడ మిస్సిసాగాలోనే పోయింది. ఇది ఆవిడ భోజనం. పక్షి రూపంలో వచ్చి తింటుంది. మా వాళ్ళలో అందరూ పెడతారు."

గ్లెన్ టోపీ పెట్టుకోబోయి ఆగాడు. "రోజూనా?"

"రోజూ."

"ఎంత పెడతావు?"

"ఏదో కొంచెం. గోల్ఫ్ బంతంత."

వంటింటి తలుపు తెరుచుకుంది. "గోల్ఫ్ బంతా?" అంది అమ్మమ్మ. "గిన్నెడు గ్లెన్, గిన్నెడు. పప్పూ, నెయ్యీ. భోగినాడు పరమాన్నం కూడా. కాకులు సగం తింటాయి. మిగతా సగం పొద్దున్నకల్లా ఖాళీ అయిపోతుంటే వాళ్ళమ్మకి ఆకలి ఎక్కువైందనుకుంటున్నారు ఈయన."

గ్లెన్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని తాతయ్య తర్వాత అన్నాడు. మొద్దు మీది కంచం తిరగేసి, మళ్ళీ పెట్టి, మెల్లగా చెప్పాడు. చలికాలంలో చాలావాటికి తిండి దొరకదు. చిక్కిపోతాయి, కొన్ని చస్తాయి. తిండి దొరికినవి వసంతంలో ఐదేసి పిల్లల్ని పెడతాయి. "నువ్వు ఆ చివర పడుతున్నావు ఆండీ, ఈ చివర పెంచుతున్నావు. ఇంకో మాట. టర్కీ గుడ్లు కాకులూ తింటాయి. నీకు తెలుసనుకున్నాను."

క్లాసు కాగితాల్లో ఆ మాట ఉంది. నాలుగో పేజీ. తాతయ్య దానికింద గీత కూడా గీసుకున్నాడు. కాకి అంటే ఏదో వేరే కాకి అనుకున్నాడు.

మర్నాడు ముద్ద పెట్టలేదు. కంచం కడిగి బీరువాలో పెట్టి, బోనులు చూసుకుని, పదకొండింటికి భోజనానికి కూర్చున్నాడు. అన్నం కలిపాడు. ముద్ద చేశాడు. కంచంలోనే పెట్టేశాడు. పన్నెండైంది. ఎదురుగా అమ్మమ్మ కూడా వడ్డించుకోకుండా కూర్చుంది.

"నువ్వు తిను," అన్నాడు.

"అత్తయ్యకి పెట్టకుండా నేనెప్పుడైనా తిన్నానా?"

"పెడితే పిల్లలు రావు. పిల్లలు రాకపోతే కాండో. కాండో కావాలన్నది నువ్వే. పెట్టమంటున్నదీ నువ్వే."

"కాండో వేరు. అత్తగారు వేరు."

బయట మొద్దు మీద ఒక కాకి వాలి ఖాళీ మొద్దుని ఒకసారి పొడిచింది. కిటికీ వైపు తిరిగి అరిచింది. తాతయ్య తల దించుకున్నాడు. ఆయనకి అది అచ్చం వాళ్ళమ్మ గొంతులా వినిపించిందట. ఆవిడ గొంతు నిజంగానే అలా ఉండేదని అమ్మమ్మ అంటుంది, కానీ ఆ మాట అప్పుడు అనలేదు.

రెండింటికి అమ్మమ్మే లేచింది. "ఏమండీ, అత్తయ్య ఈ దేశంలో ముద్ద పెట్టింది కాకులకి కాదు కదా. తొమ్మిదో అంతస్తుకి వచ్చినవి సీగల్సే. ఆవిడ వాటినే ఒప్పుకుంది. ఇప్పుడు ఈ నల్లకాకులతో మనకేం పని?"

"సీగల్స్ ఇక్కడెక్కడున్నాయి?"

"ఊళ్ళో కాఫీ షాపు పార్కింగులో. మొన్న నా చేతిలోంచి డోనట్ లాక్కుంది ఒకటి. బాగా తెలిసినదానిలా లాక్కుంది."

ఊరు పదకొండు కిలోమీటర్లు. తాతయ్య ఉసిరికాయంత ముద్ద టిఫిను డబ్బాలో పెట్టుకుని కారు తీశాడు. పార్కింగులో కారు బానెట్ తుడిచి ముద్ద పెట్టి, నారింజరంగు జాకెట్టులో చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఎనిమిది నిమిషాలు. ఒక సీగల్ వచ్చింది. ముద్ద వంక చూసింది, ఆయన వంక చూసింది, పోట్లాటకి వచ్చినట్టు అరిచింది, ఒక్క గుటకలో మింగింది. తాతయ్య ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

అదే రోజూ పని అయింది. ముద్ద ఉసిరికాయంతే. తిన్నదాకా నిలబడి చూడటం, మెతుకు మిగిలితే ఏరి డబ్బాలో వేసుకోవడం. నిజానికి నరసమ్మగారు చేసిందీ అంతే. గిన్నెడు పెట్టి లోపలికి వెళ్ళి పడుకోవడం కొడుకు కనిపెట్టిన పద్ధతి.

ఇక్కడ హైవే మీద రాకపోకలు సాగినా మొద్దు దగ్గర ఏమీ లేదు. రకూన్లు మూడు రోజులు చూశాయి. నాలుగో పొద్దున ఎనిమిది బోనుల్లో ఐదు తలుపులు పడి ఉన్నాయి. సీజను ముగిసేలోగా పదకొండు రకూన్లు. తాతయ్య ఉత్తరం దిక్కు చూస్తూ నిలబడి నిలబడి మెడ పట్టేసింది. పదకొండింటికీ నెయ్యన్నం పెట్టింది తన చేతులే కదా. ఆ రోజుల్లో వాతావరణం గురించి పెదవులు చాలాసేపు కదిలేవి.

ఏప్రిల్లో కాఫీ షాపు మేనేజరమ్మ బయటికొచ్చి ఆయన చేతికి ఒక కవరిచ్చింది. మర్యాదగానే రాశారు. పార్కింగులో పక్షులకు తిండి పెట్టవద్దని మనవి. తాతయ్య అది రెండుసార్లు చదివి, ఆవిడకి చెయ్యి కలిపి మరీ థాంక్స్ చెప్పాడు. ఇంటికి తెచ్చి వాళ్ళమ్మ ఫోటో ముందు పెట్టాడు. ఏడో ఉత్తరం. మర్నాటినుంచి కారు లైబ్రరీ పార్కింగుకి మారింది, సీగల్స్‌తో సహా.

మే మొదటి వారంలో గోడ పక్కన పెట్ట వచ్చి కూర్చుంది. ఈసారి అక్కడ గడ్డి కొయ్యొద్దని గ్లెన్ ముందే చెప్పాడు. అంతకుముందు తాతయ్య గోడదాకా క్షవరం చేసినట్టు కొట్టించేవాడు. పెట్ట మేతకి లేచినప్పుడు బైనాక్యులర్స్‌లో లెక్కపెడితే పదకొండు గుడ్లు. ఫ్రిజ్జు మీద క్యాలెండర్‌లో రోజుకొక గీత. పంతొమ్మిదో గీత గీసిన రోజు ఆయన రెండుసార్లు స్నానం చేశాడు. ఇరవయ్యో గీత గీశాక అమ్మమ్మ, "వాసవి ఫోన్ చేసింది, ఆ కాండో ఇంకా ఉందట," అంది. ఆయన వినపడనట్టు బైనాక్యులర్స్ తుడుచుకున్నాడు. నిజంగా వినపడలేదేమో కూడా.

ఇరవై ఎనిమిది రోజులు ఆ కిటికీ వదల్లేదు, రోజుకు ఒక్క గంట తప్ప. ఆ గంట ఏమిటో చెప్పక్కర్లేదు. ఇరవై తొమ్మిదో రోజు, పొద్దున తొమ్మిదింబావుకి, తాతయ్య లైబ్రరీ పార్కింగులో బానెట్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

"అమ్మ దగ్గర. ఇంకా రాలేదు."

"వస్తుందిలెండి. ఇక్కడ పిల్లలొచ్చాయి."

తాతయ్య ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"వింటున్నారా? గిన్నెలు కడుగుతూ తలెత్తాను. పెట్ట లేచి గోడ వెంట నడుస్తోంది. వెనకాల ఇంతింత, గోధుమరంగు ఉండల్లా దొర్లుతూ వస్తున్నాయి. పది. లెక్కపెట్టాను. గడ్డిలోకి పోయాయి. హలో? హలో?"

సీగల్ వచ్చి ముద్ద తినేదాకా ఆగే ఆయన కారు తీశాడు. ఇంటికొచ్చేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు. గడ్డిలో గూడు, గూట్లో పెంకులు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూశాడు. జంతువు తింటే పెంకు నలిగి ముక్కలవుతుంది. పిల్ల బయటికొస్తే లావు వైపు చుట్టూ కోసినట్టు మూత విడుతుంది. మూత విడినవన్నీ ఒక పక్కకి పెట్టాడు, విడనివి రెండు ఇంకో పక్కకి. చెప్పుల డబ్బా తెచ్చి, పాత పెంకులు గోడ అవతల పారబోసి, కొత్తవి పేర్చుకున్నాడు. పేపరు మీద రాసి సంతకం పెట్టాడు.

అమ్మమ్మ వెనకాల వచ్చి నిలబడింది. ఆవిడ తప్ప చూసినవాళ్ళు లేరు. చూడలేదంటే బోర్డు పెట్టొచ్చు, కాండోకి వెళ్ళొచ్చు. ఆవిడకి ఆ ఆలోచన వచ్చిందా అని అడిగితే, "ల్యాబులో ఇరవై ఆరేళ్ళు ఉన్నదాన్ని, రిజల్టు మారుస్తానా?" అంది.

"లేవండి, మోకాళ్ళకి తేమ," అంది ఆయనతో. "బోర్డు అక్కర్లేదు. కానీ కరివేపాకు మొక్క కుండీలో పెట్టి ఇవ్వాలి నాకు. ఇంట్లో. కిటికీ దగ్గర."

"ఏ కిటికీ?"

"ఆ కిటికీయే. మీరు కాస్త జరిగి కూర్చోండి."

రాసిందంతా మొన్న ఆదివారం చదివి వినిపిస్తే తాతయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకుంటే, చివర్లో కళ్ళు తెరిచాడు.

"దేశంలో టర్కీలన్నీ నావల్లేనా? నేను చేసిందల్లా మూడేళ్ళు దొంగలకి నెయ్యన్నం పెట్టి, నాలుగో ఏడు మానెయ్యడం. పిల్లలు పది కాదు, తొమ్మిది. పెంకులు నేను లెక్కపెట్టాను, మీ అమ్మమ్మకి అప్పుడు కళ్ళజోడు లేదు. కాలేజీ ఎలాగూ సగంలో వదిలేశావు, ఇదైనా సరిగ్గా రాసి చావు. ముందు లేచి ఆ స్కంక్ బోను కడుగు, కంపు కొడుతోంది."